అద్దంలో వలీ కళ్ళు

స్కూలు బస్సులో ఆయా పని అంటే ఏముంది, పిల్లల ముక్కులు తుడవడం, బ్యాగులు అందుకోవడం, మెట్ల దగ్గర నిలబడి రైట్ రైట్ అనడం, అంతేగా అని అందరూ అనుకుంటారు. అనుకోనివ్వండి. ఫిబ్రవరి మొదలైన దగ్గర్నుంచీ సలోమి చేస్తున్న పని ఒక్కటే. డ్రైవరు నెత్తి మీదుండే పొడుగాటి అద్దంలోకి చూస్తూ, ఖాదర్ వలి కళ్ళు తెరుచుకునే ఉన్నాయా లేదా అని కాపలా కాయడం. ఈ పనికి జీతమిచ్చే మహానుభావుడెవడూ లేడు.

మిరప సీజన్ వచ్చిందంటే పల్నాడులో హెవీ లైసెన్సున్న మగవాడికి రాత్రికీ పగలికీ తేడా ఉండదు. పొద్దుగూకగానే కల్లాల దగ్గర ఎండుమిరపకాయలు కుక్కిన గోతాలు, వాటినే టిక్కీలంటారు, లారీలకెక్కుతాయి. తెల్లారేసరికి గుంటూరు యార్డులో దిగాలి. ఉన్న లారీ డ్రైవర్లు ఏ మూలకూ చాలరు. అందుకని పగలు స్కూలు బస్సులు తోలేవాళ్ళే రాత్రిళ్ళు టిక్కీల లారీ ఎక్కుతారు. ఎక్కక ఏం చేస్తారు? వేసవి సెలవుల్లో రెండు నెలలు స్కూలు జీతమివ్వదు. ఆ రెండు నెలలూ పొయ్యి వెలగాలంటే సీజన్‌లోనే రెక్కలు ముక్కలు చేసుకోవాలి.

వలి కూడా అంతే. యార్డులో టిక్కీలు దించేసి, తిరుగు లారీలోనే నకరికల్లు చేరి, ఒంటి మీద నాలుగు చెంబులు గుమ్మరించుకుని, ఖాకీ చొక్కా తొడుక్కుని బస్సు దగ్గరికి వస్తాడు. నిద్రెప్పుడన్నా అని అడిగితే, బస్సు స్కూల్లో పెట్టాక పడుకుంటా కదమ్మా అంటాడు. రేకుల షెడ్డు కింద ఆ ఉడుకులో, బెల్లు మోగినప్పుడల్లా ఉలిక్కిపడి లేచే ఆ నిద్ర ఎవడిక్కావాలి? దానికి తోడు మార్చి సగానికొచ్చేసరికి ఒంటిపూట బడులు పెట్టారు. బస్సు ఇంకో గంట ముందు కదలాల్సి వచ్చింది. ఉన్న కాస్త సందూ పోయింది.

అంతకుముందు మనిషి ఇలా ఉండేవాడు కాదు. ఏ పిల్ల ఏ స్టాపులో ఎక్కుతుందో, ఎవరికి కిటికీ పక్క సీటు కావాలో అన్నీ గుర్తుండేవి. పిల్లలతో పాటు పొడుపు కథలు విప్పేవాడు. ఇప్పుడేమో రోజూ ఎక్కే కీర్తిని చూసి ఈ పాప ఎవరమ్మా అంటాడు. ఎల్‌కేజీ చదివే భవిత నీళ్ళ సీసా కింద పడేసుకుంటే, ఆ చప్పుడుకి బస్సంతా అదిరేలా అరిచాడు. పసిది బిక్కచచ్చిపోయింది. తర్వాత తనే కుమిలిపోయి చాక్లెట్ కొనిచ్చాడనుకోండి. ఇంకోరోజు ఖాళీ రోడ్డు మీద సడన్ బ్రేకు కొట్టాడు. గేదె అడ్డమొచ్చిందన్నాడు. సలోమి తల బయటపెట్టి చూసింది. గేదె లేదు, గేదె తోకా లేదు. వలి మొహం పాలిపోయింది.

సలోమికి పని వల్ల ఒళ్ళు పాడవడమంటే ఏమిటో తెలియంది కాదు. ఈ ఆయా ఉద్యోగానికి ముందు ఆమె చాలా ఏళ్ళు కోల్డ్ స్టోరేజీల్లో మిరపకాయల తొడిమలు తీసింది. సాయంత్రానికి వేళ్ళు మంటలెత్తేవి. ఎన్నిసార్లు సబ్బు పెట్టి రుద్దినా ఆ కారం వదిలేది కాదు. పాలు తాగే ఏంజెల్‌ని ఎత్తుకోవాలంటే చేతులకు గుడ్డ చుట్టుకునేది. దగ్గు పట్టుకుంటే తెల్లార్లూ వదిలేది కాదు. అప్పుడు పక్కింటి వలీ అన్నే స్కూల్లో చెప్పి ఈ ఉద్యోగం ఇప్పించాడు. పైగా ఆయా కూతురని ఏంజెల్‌కి ఫీజు లేదు. పిల్ల ఇప్పుడు ఏడో తరగతి, ఇంగ్లీషులో వ్యాసాలు రాస్తుంది.

నీడపట్టున కూర్చునే ఉద్యోగం, నీకు బీపీ ఏందే అని మొగుడు సాల్మన్ రాజు నవ్వుతాడు. అతను రాతి క్వారీలో పనిచేస్తాడు. అతని దగ్గు వీధి చివరిదాకా వినబడుతుంది కాబట్టి అందరికీ అతనంటే జాలి. సలోమి రోగం ఎవరికీ వినబడదు. అన్నం వార్చేటప్పుడు కూడా ఆమె గుండె దడదడలాడుతూనే ఉంటుంది. మంచమెక్కితే అద్దం, అద్దంలో మూతపడుతున్న రెండు కళ్ళు. ఆర్ఎంపీ చూసి, దేనికమ్మా అంత టెన్షన్ అన్నాడు. ఏమని చెబుతుంది?

మరి ఇన్ని తెలిసిన మనిషి నోరెందుకు విప్పలేదంటారా? విప్పింది. బస్సులన్నీ చూసుకునే ఇన్‌చార్జి చరణ్ దగ్గరికి వెళ్ళి చెప్పింది. ఆ కుర్రాడు చెవిలో ఒక ఫోను, చేతిలో ఒక ఫోను, కడుపు మంటకి గోళీ చప్పరిస్తూ విన్నాడు.

“మిగతావాళ్ళు మాత్రం నిద్రపోయి వస్తన్నారా ఆయమ్మా? అందర్నీ తీసేస్తే బస్సులు నువ్వు తోలతావా నేను తోలనా? ఈ నెలన్నర ఎట్టాగో నెట్టుకురా. ఆయన్ని కాస్త మాటల్లో పెడతా ఉండు” అన్నాడు.

మళ్ళీ గట్టిగా అడిగితే వలీ అన్న ఉద్యోగం పోతుంది. తనకు అన్నం పెట్టినవాడి నోట్లో మట్టి కొట్టినట్టవుతుంది. ఆమె నోరు మూసుకుంది. మూసుకుని, తనకు తోచిన వైద్యం తను మొదలుపెట్టింది.

ఆ వైద్యం ఆమెకు నేర్పింది వలీనే. “లారీలో మేం అందరం చేసేది అదే చెల్లె. కునుకొచ్చినప్పుడు ఎండుమిరపకాయ కొరికి పంటి కింద పెట్టుకుంటాం. నసాళానికి అంటుద్ది. ఇంకెక్కడి నిద్ర” అన్నాడు. ఆ మర్నాటి నుంచి సలోమి ఇంట్లో డబ్బాలోంచి మిరపకాయలు కాగితంలో చుట్టి తెచ్చేది. కాలువ కట్ట రోడ్డు మొదలయ్యే ముందు ఒకటి తీసి, తొడిమ తుంచి, వెనక నుంచి చెయ్యి చాపి అందించేది. వలి కొరికేవాడు. కళ్ళలో నీళ్ళు తిరిగేవి, ముక్కు ఎగబీల్చేవాడు, నిటారుగా కూర్చునేవాడు. కట్ట దాటాకే సలోమి ఊపిరి పీల్చుకునేది. బస్సునిండా ఉన్న పిల్లల ప్రాణాలు తన కొంగున ముడేసుకుని కాస్తున్నానని ఆమెకు లోలోపల కాస్త గర్వం కూడా ఉండేది. ఉంటుంది మరి, మనిషన్నాక.

ఆ రోజు వలి ఆలస్యంగా వచ్చాడు. ఇంటికి పోలేదు, స్నానం లేదు, తిన్నగా లారీ దిగి వచ్చాడు. చొక్కా మడతల్లో ఎర్రటి కారం దుమ్ము. మెడలో తువ్వాలు. అతను ఎక్కగానే ముందు సీట్లో పిల్లలు వరసగా తుమ్మారు.

“ఏందన్నా, మొహమన్నా కడగలా?” అంది సలోమి.

“యార్డు బయట లైను కదల్లా. దించేసరికి తెల్లారిపోయింది. హమాలీలు చాలకపోతే నేను కూడా మోశా” అన్నాడు వలి. మాట ముద్దముద్దగా వచ్చింది. కళ్ళు రెండూ చింతనిప్పుల్లా ఉన్నాయి.

ఇవాళ వద్దన్నా, ఇంటికి పోయి పడుకో అని ఆమె నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే ఏంజెల్ బ్యాగు ఊపుకుంటూ వెళ్ళి, పెద్దపిల్లలు కూర్చునే ఆఖరి సీట్లో చోటు పట్టుకుంది. ఫోన్లో చరణ్, ఇంకా బయల్దేరలేదా అని అరుస్తున్నాడు. సలోమి రైట్ అంది.

ఊరూరా ఆగుతూ బస్సు నిండింది. కట్ట రోడ్డు ఎక్కారు. ఎడమ పక్క సాగర్ కాలువ, తాగునీటికి వదిలారేమో అంచులు ఒరుసుకుంటూ పారుతోంది. కుడి పక్క పల్లంలో మిరప కల్లాలు. రోడ్డు ఎంత వెడల్పంటే, ఎదురుగా ట్రాక్టరొస్తే ఎవరో ఒకరు వెనక్కి పోవాలి. సలోమి అద్దంలోకి చూసింది. కళ్ళు మూతపడ్డాయి. తెరుచుకున్నాయి. మళ్ళీ మూతపడ్డాయి.

“అన్నా.”

“ఆఁ. మెలకువగానే ఉన్నా.”

ఆమె మిరపకాయ తుంచి అందించింది. వలి కొరికాడు. రోజూ వచ్చే కదలిక రాలేదు. నోరు కూడా నిద్రపోతున్నట్టుంది. “ఇంకోటి ఇయ్యి” అన్నాడు. ఇచ్చింది. రెండోది కసుక్కున నమిలాడు. ఈసారి ఘాటు తలకెక్కింది. నుదుటి మీద చెమట పుట్టుకొచ్చి కనుబొమల మీదికి జారింది. వలి తువ్వాలు తీసి కళ్ళు రెండూ గట్టిగా తుడుచుకున్నాడు.

ఆ తువ్వాలు రాత్రంతా టిక్కీలు మోసేటప్పుడు మొహానికి కట్టుకున్నది. కారం దుమ్ములో నానినది. పన్నెండేళ్ళ పాటు అదే కారంలో చేతులు కాల్చుకున్న సలోమికి ఆ సంగతి తట్టలేదు. చూస్తూ చూస్తూ ఊరుకుంది.

“అమ్మా” అన్నాడు వలి చిన్నగా. తర్వాత, “సలోమీ, కళ్ళు కనబడట్లా” అన్నాడు.

అద్దంలో రెండు కళ్ళూ బిగుసుకుపోయి ఉన్నాయి. ఎంత ప్రయత్నించినా రెప్పలు విడటం లేదు. బస్సు పోతూనే ఉంది.

“బ్రేకెయ్యి. కుడికి తిప్పి బ్రేకెయ్యన్నా” అని సలోమి అతని భుజం పట్టుకుంది. అతను తిప్పాడు, కానీ చాలలేదు. ఎడమ ముందు చక్రం కట్ట అంచు దాటి మట్టిలోకి దిగిపోయింది. కింద ఏదో కరకరమని ఒరుసుకుంది. పిల్లలు ఒకరి మీద ఒకరు పడ్డారు. బస్సు ముక్కు కాలువ వైపు వంగి, ఒక్క కుదుపుతో ఆగింది. ఇంజను ఆగిపోయింది. మెట్ల తలుపు అద్దంలోంచి చూస్తే రోడ్డు లేదు. నీళ్ళే ఉన్నాయి.

ముందు సీట్లో చిన్నపిల్లలు ఏడుపు లంకించుకున్నారు. ఎవరో లేచి ముందుకు పరిగెత్తబోయారు. బస్సు మూలిగి, జానెడు కిందికి జారింది.

“ఎవురూ కదలమాకండి” అన్నాడు వలి. తల ఎత్తలేదు, గొంతు పెంచలేదు. ఆ గొంతుకి పిల్లలంతా ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. “చెల్లె, రెండు కాళ్ళూ బ్రేకు మీదే ఉన్నయ్. కాలు తీస్తే పోద్ది. హ్యాండు బ్రేకు పని చెయ్యదు, నీకు తెలుసుగా. గేరు వేద్దామన్నా ఒక కాలు తియ్యాల. తియ్యను. వెనక డోరు తియ్యి.”

“అట్టాగే.”

“విను. వెనక బరువుండాల. పెద్దోళ్ళని వెనకే కూర్చోబెట్టు. ముందున్న పిల్లల్ని ఒక్కొక్కళ్ళనే వెనక్కి తీసుకుపోయి దించు. పెద్దోళ్ళు ఆఖర్న దిగాల. వాళ్ళు ముందే దిగితే ముక్కు కాలవలోకి పోద్ది.”

పెద్దవాళ్ళు అంటే ఎవరో సలోమికి తెలుసు. ఆఖరి సీట్లో ఏంజెల్ కూర్చుని ఉంది. సీటు కమ్మీని రెండు చేతులా పట్టుకుని తల్లినే చూస్తోంది. ఆ పిల్ల తలుపు పక్కనే ఉంది. ఒక్క దూకు దూకితే రోడ్డు మీదుంటుంది.

ఆమె సీట్లు పట్టుకుంటూ వెనక్కి పాకింది. ఎమర్జెన్సీ తలుపు గడియకి బైండింగ్ వైరు చుట్టి ఉంది. పిల్లలు ఆడుకుంటూ తీస్తున్నారని ఎవరో కట్టిన కట్టు. ఎవరో ఏమిటి, చరణ్ చెబితే తనే దగ్గరుండి కట్టించింది. ఇప్పుడా మెలికలు విప్పడానికి గోళ్ళు విరిగిపోతున్నాయి. వైరు రాదు.

“అమ్మా, జరుగు” అంది ఏంజెల్. కంపాస్ బాక్సులోంచి స్టీలు స్కేలు తీసి మెలిక కింద దూర్చి తిప్పింది. వైరు తెగింది. తలుపు తెరుచుకుంది. గాలి లోపలికొచ్చింది.

“ఏంజెల్, నువ్వు దిగబాక. మీ నలుగురూ ఇక్కడే కూర్చోవాల. నేను చెప్పిందాకా సీటు మీద నుంచి లెగవద్దు.”

“సరే.”

“భయమేస్తందా?”

ఏంజెల్ కమ్మీ పట్టుకుని గట్టిగా కూర్చుంది.

ఒక్క పెద్ద పిల్లవాణ్ణి మాత్రం కిందికి దింపి, అందుకోవడానికి నిలబెట్టింది సలోమి. మళ్ళీ ముందుకు పాకింది. భవితని చంకనెత్తుకుంది. పసిది మెడ చుట్టూ ఉచ్చు బిగించినట్టు చేతులు వేసింది. అడుగులో అడుగేసుకుంటూ వెనక్కి తెచ్చి కిందికి అందించింది. మళ్ళీ ముందుకు. కీర్తి. ఆ పక్క వాడు. వాడి తమ్ముడు బ్యాగు వదలనంటాడు, అందులో టిఫిను బాక్సుంది. బాక్సు కొత్తది కొనిస్తారులే నాయనా, రా అని లాక్కొచ్చింది. ప్రతిసారీ ముందుకు వెళ్ళినప్పుడు బస్సు కాస్త మూలుగుతుంది. ప్రతిసారీ ఆమె వలి వీపు చూస్తుంది. ఖాకీ చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయింది.

“అన్నా, కాళ్ళెట్టా ఉన్నయ్?”

“ఉన్నయ్.”

“కళ్ళు?”

“మండుతన్నయ్. మండనీ.” మళ్ళీ తనే అన్నాడు, “చెల్లె, మంట తగ్గిందంటే నిద్దరొచ్చేసేట్టుంది. మాట్టాడతా ఉండు.”

కాలువలో పడబోతున్న బస్సులో, బ్రేకు మీద రెండు కాళ్ళూ పెట్టుకుని, ఈ మనిషికి నిద్రొస్తోంది. నిద్రకు భయం లేదు, భక్తి లేదు. ఆమె మాట్లాడటం మొదలుపెట్టింది. ఏం మాట్లాడుతోందో ఆమెకే తెలియదు. పిల్లల్ని మోస్తూ, అందిస్తూ, నోటికొచ్చిందల్లా వాగింది. మీ అమ్మాయి ముంతాజ్ నర్సింగు ఎట్టా చదువుతందన్నా? హాస్టల్లో తిండి బాగుంటందా? మొన్న మీ ఇంట్లో వండిన సేమ్యా మా ఏంజెల్ ఇంకా తల్చుకుంటంది. అన్నా, పలుకు. పలకమంటన్నాగా. వలి ఊఁ అన్నాడు. ఒకసారి ఊఁ ఆలస్యమైంది. బస్సు చిన్నగా కదిలింది.

“వలీ అన్నా” అని ఆమె గట్టిగా పిలిచింది. ఆమె జీవితంలో మగవాణ్ణి కొట్టింది లేదు. అప్పుడు ముందుకు వచ్చి అతని చెంప మీద ఫెడీమని కొట్టింది.

“ఉన్నా, ఉన్నా” అన్నాడు వలి. కాళ్ళు మళ్ళీ బిగించాడు. బస్సు ఆగింది.

కింద కల్లంలో కాయలు ఏరుతున్న ఆడవాళ్ళు చూశారు. పిచ్చమ్మ అనే ముసలామె కేకలేస్తూ ముందు పరిగెత్తుకొచ్చింది, వెనక మిగతావాళ్ళు. చీరలు ఎగ్గట్టి, కల్లం చుట్టూ పట్టాల మీద బరువుకి పెట్టిన రాళ్ళు తెచ్చి వెనక చక్రాల ముందు పేర్చారు. ఎవరో ట్రాక్టరు కోసం ఫోను చేశారు. చిన్నపిల్లలంతా దిగిపోయారు. ఆఖరి సీటు వాళ్ళే మిగిలారు. సలోమి ఒక్కొక్కరినే పంపింది. ఏంజెల్ చివరిది. తలుపు దగ్గర ఆగి తల్లి మొహంలోకి చూసింది.

“నువ్వు?”

“వస్తా. దూకు.”

ఏంజెల్ దూకింది. సలోమి సీట్ల మధ్య కూలబడినట్టు కూర్చుంది. “అన్నా, అందరూ దిగారు” అంది.

“అందరూనా?”

“అందరూ. రాళ్ళు కూడా పెట్టారు.”

వలి తల ఊపాడు. ఆ ఊపిన తల మళ్ళీ పైకి లేవలేదు. స్టీరింగు మీదికి ఒరిగిపోయింది. అతని ప్రాణం పోయిందనుకుంది సలోమి. దగ్గరికెళ్ళి ముక్కు దగ్గర చెయ్యి పెట్టింది. వెచ్చగా ఊపిరి తగిలింది. మనిషి నిద్రపోయాడు. కాళ్ళు మాత్రం బ్రేకు మీద రాయిలా బిగుసుకుని ఉన్నాయి. ట్రాక్టరొచ్చి తాడు కట్టాక, కుడి తలుపులోంచి అతన్ని దించడానికి ఇద్దరు మనుషులు ఆ పాదాలు పీకాల్సి వచ్చింది. అప్పటికీ అతను లేవలేదు.

కల్లం పక్క పాక నీడన పడుకోబెట్టి, పిచ్చమ్మ కొంగు తడిపి కళ్ళు తుడిచింది. ఊళ్ళోంచి వచ్చిన మగవాళ్ళు ఒకరిద్దరు చేతులు దులుపుకుంటూ దగ్గరికొచ్చారు. తాగి తోలాడు నా కొడుకు, లెగవనీ అన్నారు. “తాగలా. వాసన చూస్కోండి. రాత్రంతా మన టిక్కీలే మోశాడు” అంది సలోమి. వాళ్ళు చొక్కా మీది కారాన్ని చూశారు. ఎవరూ చెయ్యెత్తలేదు.

ఏంజెల్ మిగతా పిల్లలతో పాటు గట్టు మీద కూర్చుని ఉంది. సలోమి వెళ్ళి పక్కన కూర్చుంది. పిల్ల తలమీద చెయ్యి వెయ్యబోతే ఏంజెల్ కొంచెం పక్కకు జరిగింది.

“అమ్మా, రోజూ ఆయనకి మిరపకాయ ఇస్తావు కదా.”

“ఊఁ.”

“నిద్రొస్తదనే కదా ఇచ్చేది?”

“ఊఁ.”

“అంటే నీకు ముందే తెలుసు.”

సలోమి కొంగున ఉన్న మిరపకాయల పొట్లం తీసి పక్కన పెట్టింది.

“తెలిసే నన్ను ఎక్కించావా?”

ఆ అడగడంలో కోపం లేదు. కోపముంటే ఎంత బాగుండేది. సలోమికి చెప్పడానికి కావలసినన్ని ఉన్నాయి. నీ చదువు కోసమే అనొచ్చు. వలీ అన్న రుణం అనొచ్చు. చరణ్‌కి చెప్పాను, వినలేదనొచ్చు. ఒక్కటీ నోటికి రాలేదు.

“ఎక్కించా” అంది.

ఏంజెల్ మోకాళ్ళలో తల దాచుకుంది. సలోమికి ఏడుపు తన్నుకొచ్చింది. చుట్టూ పిల్లలున్నారని మింగేసింది.

చరణ్ బైకు మీద వచ్చాడు. బస్సు చూసి, పిల్లల్ని లెక్కపెట్టుకుని, బైకు పట్టుకునే కాసేపు నిలబడిపోయాడు. తర్వాత సలోమిని పక్కకు పిలిచాడు. “ఆయమ్మా, నీకు దణ్ణం పెట్టాల. స్టీరింగ్ పట్టేసిందని చెబుదాం. వలికీ మంచిది, నీకూ మంచిది. ఏమంటావ్?”

“స్టీరింగ్ పట్టలా బాబూ. నిద్ర. ఆ పైన నేనిచ్చిన మిరపకాయ. ఎవురడిగినా ఇదే చెబుతా.”

“నువ్వు చెబితే ముందు పోయేది నీ ఉద్యోగమే.”

“తెలుసు.”

చరణ్ ఇంకేదో అనబోయాడు. ఇంతలో హారన్ వినబడింది. ఇంకో రూటు పిల్లల్ని స్కూల్లో దించేసి వంశీ ఖాళీ బస్సు తెచ్చాడు. “సరే, అయ్యన్నీ తర్వాత. ముందు వీళ్ళని ఎక్కించు. పరీక్షలున్నయ్, ప్రిన్సిపాల్ సారు చంపేస్తాడు” అన్నాడు చరణ్.

పిల్లలు లేచారు. సలోమి బస్సు దగ్గరికి వెళ్ళింది. తలుపు తీసి మొదటి మెట్టు ఎక్కి, లోపలికి తొంగి చూసింది. వంశీ పాతికేళ్ళవాడు. స్టీరింగు మీద రెండు చేతులూ వేసుకుని ముందుకు చూస్తున్నాడు.

“వంశీ, రాత్రి యాడున్నావయ్యా?”

వంశీ హారన్ మీది దుమ్ము వేలితో తుడిచాడు.

“నిద్రపోయావా, లారీకి పోయావా?”

వంశీ మొహం తిప్పుకుని, అరచేత్తో ఒకసారి కళ్ళు నలుపుకున్నాడు. సలోమి మెట్టు దిగలేదు. తలుపుకి రెండు పక్కలా ఉన్న కమ్మీలు పట్టుకుని అక్కడే నిలబడింది.

“పిల్లలు ఎక్కరు” అంది.

“ఆయమ్మా, తమాషాలొద్దు. ఆయన బాగానే తోలుకొచ్చాడుగా.”

“ఇందాకటిదాకా వలీ అన్న కూడా బాగానే తోలాడు.”

చరణ్ దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “నీ ఉద్యోగం ఒక్కటే కాదు. మీ అమ్మాయి ఫీజు సంగతి కూడా ఆలోచించుకో. నా చేతిలో లేదు అది.”

సలోమి గట్టు వైపు చూసింది. ఏంజెల్ ఆ మాట వింది. నిలబడి ఇటే చూస్తోంది. ఆ పిల్ల రాసే ఇంగ్లీషు వ్యాసాలు, ఇస్త్రీ చేసిన ఆ యూనిఫారం, అన్నీ సలోమికి కళ్ళ ముందు కనబడ్డాయి. కమ్మీ పట్టుకున్న చేతులు వదల్లేదు.

“ఆలోచించుకున్నా. పిల్లల అమ్మానాన్నలకి ఫోను చెయ్యి బాబూ. పక్క ఊళ్ళోకి రమ్మను, ఇక్కడికి దగ్గరే. నడిపించుకుపోతా” అంది.

మెట్టు దిగి భవితని చంకనెత్తుకుంది. కట్ట మీద కాలువకి దూరంగా, కల్లాల వైపు అంచున, పిల్లల్ని జతలుగా నిలబెట్టింది. ఒకరి చెయ్యి ఒకరు పట్టుకోవాలంది. నడక మొదలైంది. వెనక చరణ్ ఫోన్లో ఎవరితోనో సర్ది చెబుతున్నాడు. వంశీ బస్సు ఇంజను ఆపేశాడు.

కాసేపటికి ఏంజెల్ కదిలింది. తల్లి చెయ్యి పట్టుకోలేదు. అలిసిపోయి వెనకబడ్డ చిన్నపిల్లల బ్యాగులు రెండు తీసి భుజాన తగిలించుకుని, తల్లికి కొంచెం ఎడంగా నడిచింది.